అడిగేవారి మాట - అంగడివారి చెవి
(సంఘ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేయడం మన ఆచారము. హోసూరులో వున్నా, కృష్ణగిరిలో వున్నా, బ్రతుకుతెరువు వెతుక్కొంటూ మరెంత దూరం పోయినా, పచ్చడి తిని నాలుగు ముక్కలు పంచాంగం వింటేగాని మనకు సంవత్సరం మొదలైనట్లు తోచదు. ఆ శ్రవణములో మేఘాధిపతి పేరు చెప్పి వానల సంగతి, సస్యాధిపతి పేరు చెప్పి పంటల సంగతి వినిపిస్తారు. వ్యాపారస్థులు మాత్రం అర్ఘాధిపతి వంతు వచ్చినప్పుడే చెవులు నిక్కించుకొని కూర్చుంటారు; ధరలకు అధిపతి ఆయన గదా! ఏ సరుకు ప్రియమగును, దేనికి గిరాకి తగ్గును అనే ప్రశ్న వర్తకము పుట్టిననాడే పుట్టినది. ఈవేళ మేము మనవి చేయబోయేది ఆ పాత ప్రశ్నకు వచ్చిన కొత్త సాధనమును గురించి. జనం ఇంటర్నెట్టులో దేనిని గురించి అడుగుతున్నారో యంత్రముచేత దినదినమూ కనిపెట్టించడానికి ట్రెండ్ మానిటరింగ్ అని పేరు. అట్లా తెలిసినదానిని పట్టుకొని, మన సరుకును గురించి వ్రాతలూ వీడియోలూ తయారుచేసి జనంలోనికి పంపడానికి కంటెంట్ మార్కెటింగ్ అని పేరు. పేర్లు విని బెదరవలసిన పని లేదు.

సరుకును నేరుగా పొగడకుండా, కొనేవారికి పనికివచ్చే సంగతి నాలుగు మాటలు చెప్పి, చెప్పినవారిమీద గురి కుదిరేటట్లు చేయడమే ఈ రెండవదాని సారము. అమెరికాలో సేద్యపు పరికరాలు చేసే జాన్ డీర్ కంపెనీవారు 1895లోనే ‘ది ఫరో’ అనే పత్రిక పెట్టి, రైతులకు సేద్యపు విషయాలు చెప్పడం మొదలుపెట్టినారు. ఆ పత్రిక ఇప్పటికీ వస్తున్నది. మనవారికి ఈ విద్య తెలియదని అనుకోనక్కరలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, సంగీత కచేరీలలో దానిని ఉచితముగా పంచిపెట్టించినారని ప్రతీతి. తలనొప్పి ఎక్కడ పుట్టునో ఆయనకు తెలుసునన్నమాట! సంగీత విద్వాంసులు మన్నింతురుగాక. ఆ బొంబాయిలోనే, మనవలె పరాయి ఊళ్ళో వుండి, 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించినారు. 1914లో అది మద్రాసునుండి దినపత్రికగా వెలువడినది. ఆ పత్రిక ఉగాది సంచికలు ఎంత పేరు పొందినవో పెద్దలకు జ్ఞాపకము చేయనక్కరలేదు. మన సంఘం ఏటేటా వేసే ఈ చిన్న సంచిక కూడా ఆ వంశములోనిదే అనుకోవడం మాకు ఇష్టము.

ఇక మన ప్రాంతమునకు వద్దాము. హోసూరు చుట్టుపట్ల రోజాతోటలు, రాయకోట టమేటా మండీ, శూలగిరి వైపు ఆకుకూరలు, కృష్ణగిరిలో మామిడితోటలు, గుజ్జు కర్మాగారములు, మెట్టభూములలో రాగి. మన సభ్యులలో కొందరు సిప్‌కాట్ కర్మాగారాలలో ఉద్యోగానికి వచ్చి, ఇంట్లో ఇల్లాలు పెట్టిన ఊరగాయను మొదట ఇరుగుపొరుగుకు, తరువాత బెంగుళూరికి అమ్మడం మొదలుపెట్టినవారు. కొందరు తరతరాలుగా ఇక్కడే వున్న రైతు కుటుంబములవారు. ఇరువురి ఇళ్ళలోనూ ఫోను వున్నది, వీడియో తీసే పిల్లలు వున్నారు. కొరతల్లా ఏ వారం ఏమి చెప్పవలెనన్న ఎరుకలోనే. ఆవకాయకు ముక్కలు ఎట్లా కొట్టవలెనో జూలై నెలలో వీడియో పెడితే చూచేదెవరు? అప్పటికి జాడీలకు వాసెన కట్టి నెల దాటి వుంటుంది. ఆ వీడియోనే మార్చి నెలాఖరుకు సిద్ధంగా వుంచితే, కాయ బజారులోనికి రాగానే జనం దానికోసం వెతుక్కొంటూ వస్తారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగేవేళకు పెట్టడం అమ్మకే కాదు, అమ్మేవారికీ తెలిసి వుండవలెను.

జనం అడిగేదానిని చూపే సాధనాలలో అందరికీ అందుబాటులో వున్నది గూగుల్ ట్రెండ్స్. 2006లో దీనిని బయటపెట్టినారు. 2004నుండి జరిగిన వెతుకులాటల సంగతి అందులో వున్నది. డబ్బు కట్టనక్కరలేదు. ఒక మాట ఇస్తే, ఆ మాటను జనం ఏ కాలములో ఎక్కువ వెతికినారో గీత గీసి చూపుతుంది. కొన్ని మాటలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చును. ఐతే ఆ గీతమీది అంకెలను జాగ్రత్తగా చదవవలెను. నూరు అన్నచోట నూరుమంది అడిగినారని అర్థము కాదు. మీరు ఎంచుకొన్న కాలములో ఎక్కువగా అడిగిన వారమును నూరుగా పెట్టి, తక్కిన వారాలను దానితో తూచి చెబుతుంది. కల్లములో పెద్ద కుప్పను రూపాయి అనుకొని, చిన్న కుప్పను పావలా, అర్ధణా అన్నట్లు. కుప్పలో ఎన్ని బస్తాలో అది చెప్పదు. మరొకటి: చూచిన ప్రతిసారీ తూకపురాయి మారవచ్చును గనుక, పోయిన వారం దించుకొన్న అంకెలకు ఈ వారపు అంకెలను అతికించి కొత్త గీత గీయరాదు. మొత్తం కాలానికి మళ్ళీ ఒక్కసారిగా దించుకోవలెను. ఈ ఒక్క సంగతి తెలియక తప్పు లెక్కలు వేసేవారు పట్టణాలలో పెద్ద జీతాలు తీసుకొనేవారిలోనూ వున్నారు.

సరే, సాధనం వున్నది. దానికి ఏ మాట ఇవ్వవలెను? మేము నలుగురం కూర్చుని ఈ పని ఆరంభించినప్పుడు ఎక్కువ కాలం పట్టినది ఇక్కడనే, పట్టవలసినదీ ఇక్కడనే. యంత్రము కావలివానివంటిది. ఎవరి పేరు చెప్పి కనిపెట్టుమంటే వారినే కనిపెడుతుంది, వారి తమ్ముడు మారుపేరుతో వాకిట్లోనుండి నడచిపోయినా పలకదు.

కృష్ణగిరి గుజ్జుకు ముఖ్యమైన కాయను చూడండి. చిత్తూరువారు దానిని తోతాపురి అంటారు, బెంగుళూరా అనేవారూ వున్నారు. కోస్తావారికి అది కలెక్టరు మామిడి. తమిళములో కిళిమూక్కు, కన్నడములో గిణిమూతి. రెండింటికీ చిలక ముక్కు, చిలక మూతి అనే అర్థము. కాయ ఒక్కటే, కావలివాని పుస్తకములో మాత్రం ఐదుగురు మనుషులు. రాగులూ అంతే. శ్రీకాకుళంవైపు చోళ్ళు అంటారు, తెలంగాణములో తైదలు అంటారు, తమిళులు కేళ్వరగు అంటారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరముగా జరిపినది గదా. అప్పుడు మిల్లెట్లు, సిరిధాన్యాలు, చిరుధాన్యాలు అని మరి మూడు పేర్లు బజారున పడినవి. రాగిపిండి అమ్మే మన సోదరి ‘రాగులు’ అన్న ఒక్క మాట పెట్టుకొని కూర్చుంటే, తైదల జావ ఎట్లా కాచవలెనని అడిగే తెలంగాణపు కోడలు ఆమె కంట ఎన్నటికీ పడదు.

గూగుల్‌వారు ఈ చిక్కు ఎరుగనివారు కారు. ‘టాపిక్’ అని ఒక పద్ధతి పెట్టి, ఒకే వస్తువుకు వివిధ భాషలలో వున్న పేర్లను ఒక కట్టగా కట్టినారు. మామిడివంటి పెద్ద వస్తువులకు అది చక్కగా పనిచేస్తుంది. మన ఇంటివాడుక మాటలకు ఆ కట్టలో చోటు దొరకడం అరుదు. అటువంటివాటిని మనమే చేర్చి, నడుమ కూడిక గుర్తు పెట్టి ఇస్తే, అన్నింటినీ కలిపి ఒక్క గీతగా చూపుతుంది. ఏమేమి కలపవలెనో చెప్పడం మన వంతు.

ఇప్పుడు అసలు కష్టము. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుతారు. 2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళ అభ్యాస చట్టము చేసి, ఒకటవ తరగతినుండి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళమును తప్పనిసరి చేసినది. ఉన్నచోటి భాష నేర్వవలసినదే; దానిమీద మాకు తగాదా లేదు. ఐతే దాని ఫలితం ఫోనుమీద కూడా కనిపిస్తుంది. తల్లి ‘ఉలవచారు ఎట్లా కాస్తారో చూడరా’ అంటే, కొడుకు ఆ మాటను ఇంగ్లీషు అక్షరాలలో కొడతాడు, లేదా తమిళ అక్షరాలలో కొడతాడు. తెలుగు లిపి రాని పిల్లవాడు ఇంకేమి చేయగలడు? ఆవకాయ అన్న నాలుగక్షరాల మాటనే ఇంగ్లీషు అక్షరాలలో ఒకరు మొదట దీర్ఘం పెట్టి, ఒకరు పెట్టక, ఒకరు చివర తమిళపు పోకడగా ‘ఐ’ చేర్చి వ్రాస్తారు. నోటితో అడుగుదామంటే, సాధారణంగా ఫోనును ఏ భాషకు అమర్చితే ఆ భాషగానే అది మన మాటను వింటుంది. ఉలవచారును ఏమని విన్నదో చూచుకొని ఇల్లంతా నవ్వుకొన్న కుటుంబాలు ఇక్కడ చాలా వున్నవి.

2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలమంది. బెంగుళూరులో కూర్చున్న ప్రచారసంస్థవారు ఒకరు తెలుగు లిపిలో నాలుగు మాటలు ఇచ్చి, తమిళనాడు అనే గడిలో ఏమున్నదని చూచినారనుకొందాము. అడిగేవారు మరీ కొద్దిమంది ఐతే ఆ సాధనము సున్న చూపుతుంది. వెంటనే వారు, హోసూరువైపు తెలుగు గిరాకి లేదు, తెలుగులో ఏమీ చేయనక్కరలేదని తీర్మానిస్తారు. చేసినది లేదు గనుక వెతికేవారు ఇంకా తగ్గుతారు, మరుసటి ఏడు సున్న మరింత గుండ్రంగా కనిపిస్తుంది. వేల ఇళ్ళలో ఉలవచారు కాగుతూనే వుంటుంది, లెక్కలో మాత్రం లేదు. ఇది వ్యాపారపు నష్టముతో ఆగే సంగతి కాదని వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత మేము మొదట చేసినది మాటల పట్టిక. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క పుట. తెలుగు లిపిలో ఊరూరి పేర్లు ఒక వరుస, వాటినే ఇంగ్లీషు అక్షరాలలో ఎన్ని రకాలుగా కొడతారో అన్నీ ఒక వరుస, తమిళ అక్షరాలలో ఒక వరుస, కన్నడములో ఒక వరుస. ఈ పని ఆంధ్రదేశములో వున్నవారు చేయలేరు, మద్రాసువారూ చేయలేరు. పొద్దున కృష్ణగిరి మండీలో తమిళము, మధ్యాహ్నం అత్తిబెలెలో కన్నడము, రాత్రి ఇంట్లో తెలుగు మాట్లాడేవారికే చేతనౌతుంది. ఈ ఎల్లలో బ్రతకడంవల్ల వచ్చిన చిక్కులను గురించి ఎన్నో సభలలో మాట్లాడుకొన్నాము. వచ్చిన చేవ కూడా కొంత వున్నదని ఈ పట్టిక వ్రాస్తున్నప్పుడు తెలిసినది.

పట్టిక వున్న తరువాత యంత్రమును కుదర్చడం ఒక సాయంత్రపు పని. గూగుల్ అలర్ట్స్ అని 2003నుండి వున్నది. అందులో మాట ఇస్తే, ఆ మాట వున్న కొత్త వార్తలు, కొత్త వ్రాతలు కనిపించినప్పుడెల్లా, లేదా రోజుకొకమారు, లేదా వారానికొకమారు పంపుతుంది. భాష అన్నచోట ‘ఏ భాషయినా’ అని వదలివేయవలెను. ఉత్తరములుగా వద్దనుకొంటే ఆర్ఎస్ఎస్ ఫీడుగా తెప్పించి, గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్‌ఫీడ్ అనే సూత్రము ఒక గడిలో వ్రాస్తే, వార్తల శీర్షికలన్నీ తమంతట తామే వచ్చి పట్టికలో కూర్చుంటవి. మండీ ధరలు కావలెనంటే, కేంద్ర ప్రభుత్వమువారు 2000లో ఆరంభించిన అగ్‌మార్క్‌నెట్టులో దినసరి ధరలు వున్నవి. ట్రెండ్స్ గీతను మాత్రం వారానికొకసారి మనిషే తెరచి చూడవలెను. యంత్రమే యంత్రమును అడిగి తెచ్చుకొనే దారిని గూగుల్‌వారు 2025 జూలైలో ప్రకటించినారుగాని, అప్పుడు దానిని పరీక్షార్థము కొద్దిమందికే ఇచ్చినారు.

కొత్తగా పెట్టేవారికి ఒక హెచ్చరిక. రోజాపూలకోసం ‘రోజా’ అని పెడితే మొదటి రోజుననే 1992నాటి మణిరత్నంగారి సినిమా వస్తుంది, నగరి మాజీ శాసనసభ్యురాలిగారి ప్రసంగాలు వస్తవి, పువ్వు రాదు. ‘కలెక్టరు’ అని పెడితే దేశములోని జిల్లా కలెక్టర్లందరూ దర్శనమిస్తారు. రెండు మాటలను కలిపి కొటేషను గుర్తులలో పెట్టవలెను. అక్కరలేని మాట ముందు తీసివేత గుర్తు పెట్టవలెను.

ఐతే కలెక్టర్లు మామిడికి సంబంధము లేనివారని కూడా అనరాదు! 2025 జూన్ 7న చిత్తూరు జిల్లా కలెక్టరు ఇతర రాష్ట్రాల తోతాపురి తమ జిల్లాలోనికి రాకూడదని ఉత్తర్వు ఇచ్చినారు. ఆ ఏడు కాయ విపరీతంగా దిగి ధర పడిపోయినది. ఆంధ్ర ప్రభుత్వము కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కేటట్లు, అందులో 8 గుజ్జు కర్మాగారములవారు, 4 ప్రభుత్వము ఇచ్చేటట్లు ఏర్పాటు చేసినది. కర్ణాటక ముఖ్యమంత్రిగారు ఆ నిషేధము తీసివేయవలెనని ఆంధ్ర ముఖ్యమంత్రిగారికి లేఖ వ్రాసినారు. ఈ వార్త చిత్తూరులో తెలుగులో పుట్టినది, కోలారులో కన్నడములో పెరిగినది. ఎల్ల దాటించి కాయ అమ్మే కృష్ణగిరి రైతుకు ఆ వార్త ఒక్కరోజు ముందు తెలిసినా, లారీకి లోడు ఎత్తాలా వద్దా అన్నది తేలుతుంది. అటువంటి సమయములో ట్రెండ్స్ గీత పనికిరాదు. జనం వెతకడం మొదలుపెట్టేసరికి లారీ చెక్‌పోస్టు దగ్గర నిలబడి వుంటుంది. అక్కడ పనిచేసేది అలర్టు, అదికూడా మూడు భాషలలో పెట్టిన అలర్టు. ఏ సాధనము ఏ పనికో తెలిసికొని వాడవలెననడానికి ఇంతకంటె దృష్టాంతము మాకు దొరకలేదు.

గీతను నమ్ముకొనేవారు పంచాంగము కూడా దగ్గర పెట్టుకోవలెను. ఈ మాట హాస్యానికి అనడం లేదు. యంత్రము పోయిన ఏడు ఇదే తేదీతో ఈ ఏటి తేదీని పోల్చుతుంది. మన పండుగలు దాని తేదీలను లెక్కచేయవు. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చినది. ఉగాది పచ్చడిని గురించిన వెతుకులాట పండుగ ముందు నాలుగు రోజులలో ఎగసి, మర్నాడు పడిపోతుంది. తేదీలతో పోల్చేవాడు మార్చిలో గిరాకి పెరిగినది, ఏప్రిల్‌లో చచ్చిపోయినదని లేని కథ చెబుతాడు. 2023లో అధిక శ్రావణము వచ్చి వరలక్ష్మీ వ్రతము ఆగస్టు 25కు జరిగినది. 2025లో ఆగస్టు 8కే వచ్చినది. పూలవారికి ఈ పదిహేడు రోజులు ఎంతటివో చెప్పవలెనా? పైగా మన ఆషాఢము చాంద్రమానము, తమిళుల ఆడి మాసము సౌరమానము. రెండింటిలోనూ పెండ్లిళ్ళు వుండవు, రెండూ ఒక్కనాడు మొదలుకావు. ఇద్దరికీ మాలలు కట్టే హోసూరు పూలవారు రెండు పంచాంగాలూ చూడవలసినదే. పట్టికలో తేదీ పక్కన తిథికి ఒక గడి పెట్టడం మేము చేసిన చిన్న మార్పు. తక్కినవాటికంటె అదే ఎక్కువ అక్కరకు వచ్చినది.

రోజాతోటలవారికి ఇంకొక మాట. ఫిబ్రవరి 7న రోజ్ డే, 14న వాలెంటైన్స్ డే. ఆ వారం గీత కొండ ఎక్కుతుంది. ఆ కొండను చూచి పూలు పూయించడం కుదరదు. ఆ పూవుకోసం కొమ్మను సుమారు రెండు నెలల ముందు, డిసెంబరులోనే కత్తిరించి వుండవలెను. గీత తోటమాలికి ఆలస్యపు వార్త; వీడియో చేసేవానికి మాత్రం సమయానికి అందే వార్త. కోసిన పూవును నాలుగు రోజులు వాడకుండా ఎట్లా వుంచుకోవలెనో చెప్పే వీడియో జనవరి నెలాఖరుకు సిద్ధమైతే చాలును.

మరీ ఎక్కువగా నమ్మరాదనడానికి గూగుల్‌వారి చరిత్రలోనే ఒక సంగతి వున్నది. 2008లో వారు, జనం జ్వరాన్ని గురించి ఏమి వెతుకుతున్నారో చూచి, ఇన్‌ఫ్లుయెంజా ఎక్కడ ఎంత వ్యాపించినదో చెప్పగలమని ‘ఫ్లూ ట్రెండ్స్’ పెట్టినారు. 2012-13 శీతకాలములో అమెరికా ప్రభుత్వ వైద్యశాఖ లెక్కకు రెట్టింపుకంటె ఎక్కువ చూపినది. 2015లో దానిని ఆపివేసినారు. వార్తలలో భయం పుట్టినప్పుడు జ్వరం లేనివారూ జ్వరాన్ని గురించి వెతుకుతారు. అడిగినవారందరూ కొనేవారు కారని మన సంతలో కూర్చునే అవ్వకు తెలిసినంతగా యంత్రానికి తెలియదు.

మరి వాట్సాపు గుంపులలో జనం మాట్లాడుకొనేదానిని కూడా యంత్రముచేత ఏరించరాదా అని ఒక యువకుడు మమ్ము అడిగినాడు. కూడదు. బహిరంగముగా వున్నదానిని చూడడం వేరు, ఇతరుల ఇంటి మాటలకు చెవి ఒగ్గడం వేరు.

ఇప్పుడు పట్టికలో రోజా, మామిడి, రాగి, ఊరగాయ అనే నాలుగు పుటలు పూర్తియైనవి. టమేటా పుట సగం ఖాళీగా వున్నది. వేరుశనగ పుటలో తగాదా తెగలేదు: మాలో ఇద్దరు శెనక్కాయలు అంటారు, ఒకరు బుడ్డలు అంటారు, పల్లీలు అనేవారు ఒకరు. నాలుగూ వ్రాసి వుంచినాము. బేరికె, బాగలూరు, వేపనపల్లి వైపునుండి వచ్చిన పెద్దలు, సభ ముగిసిన తరువాత ద్వారము దగ్గర బల్లమీద వున్న పుస్తకములో తమ ఊరి మాటలు వ్రాసి పోవలసినదిగా కోరుతున్నాము. తెలుగు వ్రాయడం రాని పిల్లలు తమిళ అక్షరాలలో వ్రాసినా మంచిదే. ఆ వరుసకు ఒక గడి వున్నది.